ముందు డాబా ఎక్కండి: బెజవాడ పాత గ్రూప్‌హౌసులకు మార్కులు

బెజవాడలో ఎత్తు అంటే మొదట కొండలే. ఇంద్రకీలాద్రి, గాంధీ కొండ, మొగల్రాజపురం కొండ, అటు గుణదల. పెంకుటిళ్ళూ డాబాలూ వాటి కింద ఒదిగి ఉండేవి. ఆ తర్వాత సూర్యారావుపేట, లబ్బీపేట, మొగల్రాజపురం, పటమట వీధుల్లో, కింద కార్లకు వదిలిన స్టిల్టు మీద ఐదంతస్తుల గ్రూప్‌హౌసులు లేచాయి. లిఫ్టున్న ఇల్లంటే గొప్పగా చెప్పుకున్న రోజుల్లో అవే మన ఆకాశహర్మ్యాలు. ఇవాళ తాడేపల్లి, కుంచనపల్లి వైపు హైవే పక్కన లేస్తున్న టవర్ల ముందు పొట్టిగా కనిపిస్తాయి గానీ, లెక్క ప్రకారం అవీ ఎత్తైన భవనాలే. ఎనిమిదడుగుల స్టిల్టు, పైన పదేసి అడుగుల చొప్పున ఐదంతస్తులు కలిపితే 58 అడుగులు, అంటే 17.7 మీటర్లు. జాతీయ భవన నిర్మాణ స్మృతి 15 మీటర్ల నుంచే హైరైజ్ అంటుంది.

ఈ సమీక్ష 1985-2005 మధ్య కట్టి, ఇప్పుడు చేతులు మారుతున్న అలాంటి ఫ్లాట్ల గురించి. మార్కులు ముందే చెప్పేస్తే: నీళ్ళను అదుపులో పెట్టుకున్న భవనానికి ఐదుకు నాలుగున్నర. పెట్టుకోని దానికి ఒకటి, అదీ స్థలానికే. కట్టిన సంవత్సరం చూసి బేరమాడేవాళ్ళు ఎక్కువ. కాంక్రీటును ఏళ్ళకంటే ఎక్కువగా పాడుచేసేవి తడిసి ఆరి, మళ్ళీ తడిసి ఆరే గోడలూ స్లాబులూ.

అందుకే ఫ్లాటు తలుపు తీయించుకునే ముందు డాబా ఎక్కాలి. పిట్టగోడ మొదట్లో, స్లాబు కలిసేచోట, వేలు పెట్టి చూడండి. అక్కడ సిమెంటుతో గుండ్రంగా రౌండింగు తీసి ఉండాలి. అది చీలి సన్నని గీత కనిపిస్తే వాన నీరు నేరుగా బయటి బీములోకి దిగుతోందన్నమాట. స్లాబు వాలు కనీసం వందకు ఒకటి ఉండాలి, అంటే పదడుగులకు అంగుళం పావు. వాన నీరు కిందికి దింపే డౌన్‌టేక్ పైపుల నోళ్ళ దగ్గర నాచు పట్టిన నల్లటి మరకలు పళ్ళెమంత వెడల్పుగా ఉంటే వాలు పోయినట్టే.

ఇంకో సంగతి డాబా మందం. కారిన ప్రతిసారీ పాత పొర తీయకుండా పైన ఇంకో కాంక్రీటు పొర పోయించడం మన ఊళ్ళో అలవాటు. నాలుగంగుళాల పొర చదరపు మీటరుకు దాదాపు 240 కిలోలు. ఇంటి స్లాబు మీద మనుషులకూ సామానుకూ కలిపి కోడ్ లెక్కగట్టే భారం చదరపు మీటరుకు 200 కిలోలు. అంటే కారడం ఆపడానికి వేసిన మందు, ఓ నిండు సంసారాన్ని శాశ్వతంగా నెత్తిన పెట్టినట్టు. పిట్టగోడ ఎత్తు కొలవండి: కట్టినప్పుడు మూడున్నర అడుగులుండి ఇప్పుడు మూడే ఉంటే, మిగతా అరడుగు ఎక్కడికి పోయిందో తెలిసిపోతుంది. సరైన పద్ధతి పాత పొరల్ని స్లాబు దాకా తవ్వి తీసి, పగుళ్ళు పూడ్చి, నీరు దిగని మెంబ్రేన్ షీటు గానీ పూత గానీ పిట్టగోడ మీదకు అడుగు దాకా ఎక్కించి, 48 గంటలు నీళ్ళు నిలబెట్టి కింద ఇంటి సీలింగు చూసుకోవడం. పూత ఏ కంపెనీదైనా సరే, నీళ్ళు నిలబెట్టి చూడని పనికి డబ్బు పూర్తిగా ఇవ్వకూడదు.

డాబా మీద ఉండగానే ఓవర్‌హెడ్ ట్యాంకు కింది భాగం చూడండి. ట్యాంకు అడుగు స్లాబు పెచ్చులూడి ఊచలు బయటపడి ఉంటే, భవనం మొత్తంలో తుప్పు అక్కడే మొదలైందని లెక్క. పాత కాంక్రీటు ట్యాంకును పట్టించుకోకుండా పక్కన ప్లాస్టిక్ ట్యాంకులు పెట్టినచోట ఆ నీటి బరువు బీముల మీద కూర్చుందో, మధ్య స్లాబు మీద కూర్చుందో గమనించాలి. వెయ్యి లీటర్ల ట్యాంకంటే టన్ను.

కిందికి దిగుతూ, పైపులు దిగే నిలువు సందు డక్ట్‌లోకి తొంగి చూస్తే సగం సమీక్ష పూర్తయినట్టే. అప్పటి జింకు పూత ఇనుప (జీఐ) పైపులు లోపల తుప్పు గడ్డకట్టి, ముప్పావు అంగుళం పైపులో పెన్సిలు దూరేంత దారే మిగిలి ఉంటుంది. బోరు నీరు ఉప్పగా, గరుకుగా ఉండే వీధుల్లో ఇది ఇంకా త్వరగా జరుగుతుంది. బాత్రూం గోడ బయటి వైపు పాయింటింగు మీద తెల్లటి బూజులాంటి ఉప్పు పొర కనిపిస్తే లోపల నేల మీది నీళ్ళు పోయే నహానీ ట్రాప్ చుట్టూ జాయింటు పోయిందని అర్థం. దీనికి పై ఇంటాయన బాత్రూం తవ్వాలి, ఖర్చు కింది ఇంటాయన అడగాలి. గ్రూప్‌హౌసుల్లో సగం తగాదాలకు మూలం ఈ రెండంగుళాల జాయింటే. డక్ట్‌లో సీపీవీసీ ప్లాస్టిక్ లైన్లు కొత్తగా, ఒకే వరసలో, క్లాంపులతో కనిపించాయా? ఆ అసోసియేషన్ బతికే ఉంది. ఇంటికో రంగు పైపు, వంకరటింకరగా, టేపు చుట్టి ఉందా? లేదు.

ఇక స్టిల్టు. ఈ తరం భవనాల అసలు బలహీనత ఇక్కడే. పైన ఐదంతస్తుల్లోనూ ఇటుక గోడలుంటాయి, కింద కార్ల కోసం వట్టి కాలమ్స్. భూమి కదిలినప్పుడు పైభాగం ఒకే పెట్టెలా ఊగితే, ఆ ఊపు మొత్తం కింది కాలమ్స్ మీదే పడుతుంది. 2001 జనవరి 26 భుజ్ భూకంపంలో, కేంద్రానికి రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న అహ్మదాబాద్‌లో కూలినవాటిలో చాలామటుకు ఇలాంటి స్టిల్టు అపార్టుమెంట్లే. ఆ తర్వాత వచ్చిన భూకంప కోడ్ ఐఎస్ 1893:2002, ఇలాంటి బలహీన అంతస్తు కాలమ్స్‌నీ బీముల్నీ మామూలు లెక్కకు రెండున్నర రెట్ల బలానికి డిజైన్ చేయాలంది. విజయవాడ ఆ కోడ్‌లో మూడో జోన్, అంటే మధ్యస్థ ముప్పు. 2024 డిసెంబర్ 4న ములుగు దగ్గర 5.3 తీవ్రతతో భూకంపం వస్తే ఇక్కడా ఇళ్ళు కదిలాయి. కాబట్టి అది పుస్తకాల సంగతి కాదు.

కాలమ్స్ ఎలా ఉంటే మంచిది? అప్పటి తొమ్మిదంగుళాల గోడలో దాగిపోయేలా 9 బై 12, 9 బై 15 కాలమ్స్ పోశారు. ఐఎస్ 13920 కోడ్ 2016 సవరణ ప్రకారం కాలమ్ ఏ వైపూ 300 మిల్లీమీటర్లకు, అంటే సుమారు అడుగుకు, తగ్గకూడదు. లోపల నిలువు ఊచల చుట్టూ తిరిగే రింగులు అప్పట్లో ఆరు మిల్లీల ఊచతో, ఎనిమిది తొమ్మిది అంగుళాల ఎడంలో, కొసలు లంబకోణంలో వంచి కట్టేవాళ్ళు. ఇప్పుడు ఎనిమిది మిల్లీలు, కాలమ్ పైనా కిందా చివర్లలో నాలుగంగుళాలకు మించని ఎడం, కొసలు లోపలికి 135 డిగ్రీల వంపు. ఈ వంపు చిన్న విషయంలా అనిపిస్తుంది. కాలమ్ నలిగినప్పుడు కవర్, అంటే ఊచ మీది కాంక్రీటు పొర, రాలిపోతే లంబకోణపు రింగు విచ్చుకుంటుంది, లోపలికి గుచ్చుకున్న రింగు విచ్చుకోదు. అందువల్ల ఈ విషయంలో పాత భవనానికి ఐదుకు రెండే. స్టిల్టులో కొన్ని వరసల్లోనైనా గోడలున్నా, కాలమ్స్‌కి సరిగా జాకెటింగు చేసి ఉన్నా మూడున్నర ఇవ్వొచ్చు. జాకెటింగు అంటే కాలమ్ చుట్టూ కనీసం నాలుగంగుళాల కొత్త కాంక్రీటు, కొత్త ఊచలు, కొత్త రింగులు. అది పునాది ఫుటింగు దాకా దిగాలి. పార్కింగు గచ్చు దగ్గరే ఆపేసిన జాకెటు తొడుగే గానీ బలం కాదు.

కాలమ్ మొదట్లో నిలువు పగుళ్ళున్నాయేమో వంగి చూడండి. కార్లు కడిగిన నీళ్ళు రోజూ తగిలే మొదటి రెండడుగులే ముందు పోతాయి. నిలువుగా, ఊచ పొడవునా గీత వస్తే అది తుప్పు. ఇనుము తుప్పు పట్టాక అసలుకంటే రెండు నుంచి ఆరు రెట్ల చోటు ఆక్రమిస్తుంది, కవర్‌ని లోపలినుంచి తన్నేస్తుంది. వాలుగా, బీము కాలమ్ కలిసేచోట గీత వస్తే అది వేరే కథ. అక్కడ స్ట్రక్చరల్ ఇంజనీరు రాకుండా బయానా ఇవ్వకండి.

ఇంజనీరు వచ్చాక ఏమేం చేయించాలో కూడా తెలిసి ఉండాలి. స్ప్రింగు సుత్తితో కొట్టి అంకెలు చదివే రీబౌండ్ పరీక్ష ఒక్కటే చేసి "కాంక్రీటు బ్రహ్మాండం" అని రిపోర్టు ఇచ్చేవాళ్ళున్నారు. పాత కాంక్రీటు పైపొర గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి గట్టిపడుతుంది కాబట్టి అంకె ఉన్నదానికంటే ఎక్కువే చూపిస్తుంది. దానికి తోడు అల్ట్రాసోనిక్ పరీక్ష ఉండాలి: శబ్దం సెకనుకు మూడు కిలోమీటర్ల కంటే నెమ్మదిగా పోతే లోపల డొల్ల ఉన్నట్టే. అనుమానమున్న చోట మూడు కోర్లు, అంటే కాంక్రీటులోంచి గుండ్రంగా కోసిన ముక్కలు, తీయించాలి. కాంక్రీటు కోడ్ ఐఎస్ 456 ప్రకారం వాటి సగటు అనుకున్న బలంలో 85 శాతం, ఏ ఒక్కటీ 75 శాతానికి తగ్గకుండా ఉండాలి. అప్పటి కాంక్రీటు చాలాచోట్ల 1:2:4 సిమెంటు-ఇసుక-కంకర పాళ్ళలో, సైటులోనే డబ్బాలతో కొలిచి కలిపింది. 2000 నాటి కోడ్ ఆర్‌సీసీకి కనీసం ఎం20 స్థాయి బలం ఉండాలంటోంది గానీ, అంతకుముందు ఎం15 కూడా చెల్లింది. కృష్ణ ఇసుక మంచిదే, కానీ సెంట్రింగు మీద మేస్త్రి పోసిన అదనపు బిందె నీళ్ళే బలం తగ్గించేవి.

అన్నిటికంటే చవకైన పరీక్ష ఫినాఫ్తలీన్. కాంక్రీటును తాజాగా చెక్కి ఆ ద్రావణం చల్లితే ఆరోగ్యంగా ఉన్నచోట ముదురు గులాబీ రంగు వస్తుంది. రంగు రాని పొర లోతే కార్బనేషన్ లోతు. అది కాలానికి వర్గమూలంగా పెరుగుతుంది. పాతికేళ్ళకు 20 మిల్లీమీటర్లు పోయిందనుకోండి, నలభయ్యో ఏటికి 25 దాటుతుంది. కవర్ 25 మిల్లీమీటర్లే ఉంటే ఆ ఏడాది నుంచి ఊచకు రక్షణ లేదు. ఈ ఒక్క లెక్కతో భవనానికి ఇంకా ఎంత గడువుందో, ఎప్పటిలోగా పూత వేయించాలో తెలుస్తుంది.

పెచ్చులూడినచోట చేసే రిపేరు గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే తప్పులన్నీ ఇక్కడే. మామూలుగా జరిగేది: వైరు బ్రష్షుతో రెండు రుద్దులు, సిమెంటు పాలు, ప్లాస్టరు, పుట్టీ, పెయింటు. మూడు వానాకాలాలకు దాని పక్కనే ఇంకోచోట ఊడుతుంది. కారణం ఉంది. కొత్త మాలులో ఉన్న ఊచ భాగానికి రక్షణ దొరికి, అప్పటిదాకా దానివల్ల ఆగిన తుప్పు పక్క భాగానికి మళ్ళుతుంది. కాబట్టి పైకి కనిపించిన మేర కాకుండా, సుత్తితో తట్టి డొల్ల శబ్దం వచ్చినంత మేరా తీసెయ్యాలి. ముందు బీముకు సపోర్టు పెట్టి, ఊచ వెనక అంగుళం ఖాళీ వచ్చేదాకా చెక్కి, మెరిసేలా తుప్పు గీకి, జింకు ప్రైమరు వేసి, బాండింగు పూత పచ్చిగా ఉండగానే పాలిమర్ మాలును అర అంగుళం పొరలుగా ఎక్కించాలి. రెండంగుళాలు దాటిన లోతైతే పొరలు కాదు, పెట్టె కట్టి మైక్రోకాంక్రీటు పోయాలి. ఊచ అడ్డుకోత నాలుగో వంతు తిన్నట్టయితే పక్కన కొత్త ఊచ చేర్చాల్సిందే. ఏడు రోజులు గోనెపట్టా తడి. ఆ తడి పెట్టడానికి ఎవరికీ ఓపిక ఉండదు. చేసిన పని పోయేది అక్కడే.

ఇప్పుడు ఫ్లాటులోకి. ఇక్కడ పాత భవనం కొత్తదాన్ని కొన్ని విషయాల్లో చిత్తుగా ఓడిస్తుంది. బయటి గోడ తొమ్మిదంగుళాల ఇటుక. కిటికీ పైన రెండడుగుల సన్‌షేడ్. చెక్క రెక్కల కిటికీ పూర్తిగా తెరుచుకుంటుంది, ఈనాటి స్లైడింగు కిటికీ సగమే. ఎలివేషన్ నున్నగా రావాలని సన్‌షేడ్ తీసేసిన అద్దాల గోడలు రోహిణి కార్తెలో ఏం చేస్తాయో బెజవాడ వాళ్ళకు చెప్పక్కర్లేదు. గోడలన్నీ అల్యూమినియం ఫారంతో కాంక్రీటుగా పోసే కొత్త టవర్లలో ఇంకో చిక్కు: కాంక్రీటు ఇటుకకంటే దాదాపు రెండింతల వేడిని లోపలికి పంపుతుంది, పైగా గోడ ఆరంగుళాలే. న్యాయంగా చెప్పాలంటే గాలి బుడగలున్న తేలిక కాంక్రీటు (ఏఏసీ) బ్లాకులతో కట్టిన కొత్త ఇల్లు వేడి విషయంలో పాత ఇటుకను కూడా మించిపోతుంది. కాబట్టి కొత్తదాన్ని పోల్చేటప్పుడు గోడ దేనితో కట్టారో అడగండి, క్లబ్‌హౌసు గురించి కాదు.

మొజాయిక్ నేలను తీసిపారేయాలని అందరూ తొందరపడతారు. మళ్ళీ పాలిష్ పట్టిస్తే ఇంకో ఇరవయ్యేళ్ళు వస్తుంది. దానిమీదే మాలు పోసి వెట్రిఫైడ్ టైల్స్ వేస్తే చదరపు మీటరుకు సుమారు వంద కిలోలు అదనం. డిజైన్లో నేల పనికి వదిలే బరువే దాదాపు అంత. ఒకసారి వేసిన టైల్స్ మీద ఇంకోసారి వేయించిన ఫ్లాట్లూ ఉన్నాయి, గుమ్మం దగ్గర మెట్టు ఎత్తు చూస్తే దొరికిపోతాయి.

వైరింగుకు పాస్ మార్కులు కూడా రావు. ట్యూబులైటూ ఫ్యానూ ఫ్రిజ్ లెక్కలో వేసిన తీగల మీద మూడు ఏసీలు నడుస్తున్నాయి. ఒకటిన్నర టన్ను ఏసీకి మీటరు నుంచి విడిగా నాలుగు చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ లాగించండి. పింగాణీ ఫ్యూజులు తీసి, లోడు ఎక్కువైతే ఆపే ఎంసీబీలు, షాకు నుంచి కాపాడే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి. ఎర్త్ పిట్ బతికుందో లేదో పరీక్షించాకే. మీటర్లు ఎక్కడున్నాయన్నది 2024 సెప్టెంబర్ తర్వాత బెజవాడలో కొత్త ప్రశ్న. బుడమేరు సింగ్‌నగర్ వైపు పొంగినప్పుడు స్టిల్టులోని మీటరు బోర్డులు, లిఫ్టు గుంతలు, సంపులు ముందు మునిగాయి. బోర్డు నేలకు ఆరడుగుల పైన, సంపు మూత చుట్టూ అడుగున్నర గట్టు ఉంటే ఆ అసోసియేషన్‌కు ఇంకో అర మార్కు.

లిఫ్టు ఆరుగురిది, 408 కిలోలు. మడత గ్రిల్ తలుపు ఇంకా ఉంటే మార్పించక తప్పదు, పిల్లల చేతులు అందులో పడతాయి. మొత్తం లిఫ్టు మార్చమనే కొటేషన్లకు తొందరపడొద్దు. గైడ్ పట్టాలూ కౌంటర్ వెయిటూ బాగుంటే వాటిని ఉంచి కంట్రోలరు, మోటారు, తలుపులు మార్చి, కరెంటు పోతే దగ్గరి అంతస్తులో ఆపి తలుపు తెరిచే ఏఆర్‌డీ పెట్టించుకోవచ్చు.

ఇరవయ్యేళ్ళు దాటిన భవనం అనగానే కూల్చాలనడం మనకే కాదు, అన్నిచోట్లా ఉంది. చెన్నై మౌంట్ రోడ్డు ఎల్ఐసీ భవనం 1959లో తెరిచారు, 1975లో పెద్ద మంటలకు గురైంది, ఇవాళ్టికీ పనిచేస్తూనే ఉంది. న్యూయార్క్ ఎంపైర్ స్టేట్ 1931 నాటిది. 2010 ప్రాంతంలో దాని 6,514 కిటికీలను పారేయకుండా, అద్దాలు అక్కడే విప్పి, మధ్యలో పొర చేర్చి తిరిగి బిగించారు. మరోవైపు అమరావతిలో సచివాలయ టవర్లకు 2018-19లో వేసిన రాఫ్ట్ పునాదులు ఏళ్ళ తరబడి నీళ్ళలో ఉండిపోయి, 2024లో ఐఐటీ మద్రాసు నిపుణులు వచ్చి పరీక్షించాల్సి వచ్చింది. గోడ లేవని భవనానికి కూడా ముసలి భవనం పరీక్షలే. నిజానికి పూర్తిగా మునిగి ఉన్న కాంక్రీటుకు ఆక్సిజన్ అందక తుప్పు మెల్లగా పడుతుంది. వానకు తడిసి ఎండకు ఆరే బయటి ఊచలకే ముప్పెక్కువ. మీ పిట్టగోడదీ అదే పరిస్థితి.

కాగితాల్లో యూడీఎస్, అంటే స్థలంలో ఫ్లాటుకు వచ్చే విభజించని వాటా, పాత ఫ్లాటు బలం. 600 గజాల్లో పదిహేను ఫ్లాట్లుంటే తలకు 40 గజాలు. ఫ్లాటు వెయ్యి ఎస్‌ఎఫ్‌టీ అయితే ప్రతి వంద ఎస్‌ఎఫ్‌టీకి నాలుగు గజాలు. అదే 1,600 ఎస్‌ఎఫ్‌టీ టవర్ ఫ్లాటుకు 35 గజాలు వస్తే వందకు 2.2 గజాలే. అయితే ఈ గజాలు చూసి "రేపు కూల్చి టవర్ కడతారు" అన్న బ్రోకరు మాట నమ్మకండి. ఎత్తు అనుమతి రోడ్డు వెడల్పును బట్టి వస్తుంది. ముప్పై అడుగుల వీధిలో ఐదంతస్తులది ఐదంతస్తులుగానే ఉంటుంది, పదిహేను మందీ సంతకం పెట్టాలన్నది ఎలాగూ ఉంది. మంజూరైన ప్లాన్ తెచ్చుకుని పెంట్‌హౌస్, మూసేసిన స్టిల్టు గదులు అందులో ఉన్నాయేమో సరిచూసుకోండి. 2015లోనో 2019లోనో బీపీఎస్ (అక్రమ కట్టడాల క్రమబద్ధీకరణ పథకం) కింద కట్టిన కాగితం చూపిస్తారు. అది ఉల్లంఘనకు జరిమానా రసీదు, అదనపు అంతస్తును పునాది మోస్తుందన్న హామీ కాదు. కొత్త ప్రాజెక్టుకు రెరా చట్టం కింద స్ట్రక్చర్ లోపాలకు ఐదేళ్ళ బాధ్యత ఉంటుంది. పాతదానికి అసోసియేషన్ మినిట్స్ పుస్తకమే గ్యారంటీ. అడిగి చదవండి. ట్యాంకు కడిగిన తేదీలు, లిఫ్టు వార్షిక నిర్వహణ ఒప్పందం (ఏఎంసీ), డాబా పనికి ఎవరు ఎంత ఇచ్చారు అన్నవి వరసగా రాసి ఉన్నచోట కొనండి. పుస్తకమే లేదంటే, ఎంత తగ్గించినా వద్దు.

రెండుసార్లు వెళ్ళండి. ఒకసారి అక్టోబర్ ముసురు పట్టిన రెండో రోజు, ఏ పుట్టీ దాచలేని చెమ్మ అప్పుడు తేలుతుంది. రెండోసారి మే నెలలో సాయంత్రం నాలుగింటికి, పడమటి బెడ్‌రూం గోడకు అరచెయ్యి ఆనించి చూడ్డానికి. గోడ చేతికంటే వేడిగా తగిలితే ఆ గదికి పెద్ద ఏసీ, దానికి విడి తీగ, పడమటి కిటికీకి కొత్త సన్‌షేడ్ బేరంలో తగ్గించుకోండి.